సంప్రదాయ విల్లుతో ఎలుగు వేట: ఒంటారియో గైడెడ్ క్యాంపుకు ఎలా సిద్ధం కావాలి

మొదటే ఒక మాట. ఇది మన ఊళ్లలో చేసే పని కాదు. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో తిరిగే ఎలుగుబంటి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని తుపాకీతో కొట్టినా, బాణంతో కొట్టినా, ఉచ్చు పెట్టినా నేరమే, మూడేళ్లకు తగ్గని జైలు. ఇక్కడ చెబుతున్నది కెనడాలోని ఒంటారియో ఉత్తర అడవుల్లో లైసెన్సు, ట్యాగు (ఒక్క ఎలుగుకు ఇచ్చే అనుమతి చీటీ) ఇచ్చి అనుమతించే బ్లాక్ బేర్, అంటే నల్ల ఎలుగు వేట గురించి. టొరంటోలోనో డాలస్‌లోనో స్థిరపడి, విలువిద్య క్లబ్బులో రికర్వో (కొసలు ముందుకు వంగిన విల్లు) లాంగ్‌బోవో (పొడవాటి సాదా విల్లు) పట్టుకుని రెండు మూడేళ్లయినవారికి ఇది పనికొస్తుంది. విల్లు పట్టి ఆరు నెలలే అయితే ఈ ఏడు ఆగండి.

కాంపౌండ్ విల్లు వాడేవాళ్ల సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. వాళ్లకు 30 గజాలు మామూలు దూరం. కప్పీలు, సైటు, రిలీజు ఏవీ లేని విల్లుకు 15 గజాలే దూరం. కాబట్టి క్యాంపు ఎంపిక, మంచె ఎత్తు, బాణం బరువు, కూర్చునే తీరు అన్నీ ఆ 15 గజాల లెక్కలోంచే రావాలి.

కాగితాలు, తేదీలు

ఒంటారియోలో వసంతకాలపు ఎలుగు సీజను మే 1 నుంచి జూన్ 15 దాకా. దీన్ని 1999లో ఎత్తేశారు, 2014లో కొన్ని చోట్ల ప్రయోగంగా తెచ్చారు, 2021 నుంచి శాశ్వతం చేశారు. వసంతంలో ఎలుగు పిల్లల్ని గానీ, పిల్లలున్న తల్లిని గానీ కొట్టకూడదు. ఈ నిబంధన ఎంత గట్టిదో తర్వాత మంచె మీద తెలుస్తుంది.

ఒంటారియోలో ఉంటున్నవారు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఔట్‌డోర్స్ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వేట గుర్తింపు కార్డు) తీసుకోవాలి. విల్లుకు మాత్రమే అయితే తుపాకీ లైసెన్సు అక్కర్లేదు, హెచ్2 రకం కార్డు చాలు. అమెరికా నుంచి వచ్చేవారు తమ రాష్ట్రపు వేట లైసెన్సో, కోర్సు సర్టిఫికెట్టో చూపాలి, దాదాపు ఎప్పుడూ లైసెన్సున్న ఔట్‌ఫిట్టర్ (వేట క్యాంపు నడిపేవారు) ద్వారానే వేటాడాలి. వేట అయ్యాక, ఏమీ దొరక్కపోయినా సరే, గడువులోగా రిపోర్టు పంపాలి. చాలామంది ఖాళీచేతులతో వచ్చాం కదా అని ఇది మరిచిపోతారు.

విల్లుకు కూడా చట్టంలో కొలతలున్నాయి. ఎలుగుకు డ్రా వెయిట్ (తాడు లాగడానికి పట్టే బలం) 22 కిలోలకు, అంటే 48.5 పౌండ్లకు తగ్గకూడదు, అదీ 700 మిల్లీమీటర్ల లోపు లాగుడులోనే రావాలి. బాణం పొడవు కనీసం 600 మిల్లీమీటర్లు. ములికి వెడల్పు కనీసం 22 మిల్లీమీటర్లు, పదునైన అంచులు కనీసం రెండు. చాలామంది పొరబడేది మొదటి కొలత దగ్గరే. విల్లు మీద '50 పౌండ్లు, 28 అంగుళాలు' అని రాసి ఉంటుంది, 700 మిల్లీమీటర్లంటే ఇరవై ఏడున్నర అంగుళాలు. అక్కడ అదే విల్లు 49 దగ్గర తూగుతుంది, పాతబడిన లింబులైతే (విల్లు రెండు వంపు రెక్కలు) ఇంకా తక్కువ. 45 పౌండ్ల విల్లు జింకకు చెల్లుతుంది, ఎలుగుకు చెల్లదు. వేలాడే చేతి త్రాసు తాడుకు తగిలించి లాగి చూసుకోండి. 52 నుంచి 55 దాకా ఉంటే నిశ్చింత. అంతకు మించి మాత్రం వద్దు. మూడు గంటలు కదలకుండా కూర్చుని, చలికి బిగుసుకున్న భుజంతో ఒక్కసారిగా లాగాల్సింది అదే విల్లు. బయల్దేరేముందు ఆ ఏటి నిబంధనల పుస్తకం ఒకసారి చదవండి, ఏటేటా ఏదో ఒకటి మారుతుంటుంది.

ఔట్‌ఫిట్టర్‌ని అడగాల్సినవి

బుకింగుకు ఫోను చేసినప్పుడు ఎన్ని ఎలుగులు పడ్డాయని అడగడం కన్నా ఈ కింది ప్రశ్నలు అడగండి.

రికర్వుతో, లాంగ్‌బోతో వచ్చినవాళ్లకు విడిగా మంచెలు కడతారా? 'విల్లుకూ తుపాకీకీ ఒకే మంచె' అంటే ఎర (ఎలుగును రప్పించడానికి పెట్టే తిండి) 25 గజాల అవతల ఉందని అర్థం. మీకు 12 నుంచి 16 గజాలు కావాలి.

మంచె ఎత్తెంత? పదీ పన్నెండు అడుగులు చాలు. చాలామంది ఎత్తు ఎక్కువుంటే ఎలుగు చూడదనుకుంటారు. లెక్క వేసి చూడండి. 12 అడుగుల మంచె, 15 గజాల దూరం అయితే బాణం దాదాపు 17 డిగ్రీల వాలులో దిగుతుంది, రెండు ఊపిరితిత్తుల్నీ దాటి అవతలి పక్క కింద బయటికొస్తుంది. 20 అడుగుల మంచె, 10 గజాల దూరం అయితే వాలు 36 డిగ్రీలు. ఒక ఊపిరితిత్తే తెగుతుంది, బాణం రొమ్ము ఎముకలో ఆగిపోతుంది. ఒక్క ఊపిరితిత్తితో ఎలుగు చాలా దూరం పోతుంది, అసలు దొరక్కనూ పోవచ్చు.

నేను కుడిచేతివాణ్ని, లేదా ఎడమచేతివాణ్ని, దానికి తగ్గట్టు మంచె ఉంటుందా? కుడిచేత్తో తాడు లాగేవారికి ఎర కాస్త ఎడమ పక్కన ఉండాలి. లేదంటే కూర్చున్నచోటే నడుము మెలిపెట్టి లాగాలి. లాంగ్‌బో అయితే కింది లింబు మంచె అంచుకు తగలకుండా ఖాళీ ఉండాలి, పైన కొమ్మలు కొట్టేసి ఉండాలి.

గాయమైతే క్యాంపు నియమమేమిటి? చాలా క్యాంపుల్లో రక్తం కనిపించిందంటే మీ వేట అయిపోయినట్టే, ఎలుగు దొరికినా దొరక్కపోయినా. ఇది మంచి నియమం. ఇది లేని క్యాంపు గురించి కాస్త ఆలోచించండి.

ఇంకా, ఎరల స్థలాలు ఎన్ని, వేటగాళ్లెందరు, వారం మధ్యలో గాలి మారితే వేరే మంచె ఇస్తారా, చర్మం తీయడానికీ మాంసం చల్లబరచడానికీ ఏర్పాటుందా అన్నవి. చివరిది అడక్కుండా డబ్బు కట్టకండి.

విల్లు, బాణం

విమానంలో వెళ్లేవారికి మూడు ముక్కలుగా ఊడే టేక్‌డౌన్ రికర్వు నయం. 60 నుంచి 62 అంగుళాల విల్లు మంచెలో ఇబ్బంది పెట్టదు. లింబు బోల్టులు బిగించే పానాలు రెండు తీసుకెళ్లండి, ఒకటి విల్లు సంచిలో, ఒకటి జేబులో. ఉత్తరాన ఏ కిరాణా కొట్లోనూ ఆ సైజు దొరకదు. ములుకులు చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

అదనపు తాడు కొత్తది ప్యాకెట్లో ఉంటే లేనట్టే లెక్క. ఇంట్లోనే విల్లుకు ఎక్కించి వంద బాణాలు వేసి, సాగాల్సినంత సాగాక, నాకింగ్ పాయింటు (తాడు మీద బాణం తగిలించే గుర్తు) కట్టి, సైలెన్సర్లు దూర్చి, బ్రేస్ హైటు (తాడుకూ విల్లు పిడికీ మధ్య దూరం) ఎంతో చీటీ మీద రాసి పెట్టుకోండి. రికర్వుకు మామూలుగా ఏడు నుంచి ఎనిమిది అంగుళాల మధ్య ఎక్కడో ఒకచోట శబ్దం బాగా తగ్గుతుంది. తాడుకు నాలుగైదు మెలికలు వేస్తూ, తీస్తూ ఆ చోటు పట్టుకోవాలి. పాత విల్లయితే డాక్రాన్ (కాస్త సాగే రకం) తాడే వాడండి. గట్టి కొత్తరకం తాళ్లు పాత లింబుల కొసలను చీల్చేస్తాయి.

శబ్దం గురించి ఇంత ఎందుకంటే, 15 గజాలంటే 45 అడుగులు. మన బాణం సెకనుకు 170, 180 అడుగులు పోతుంది, అంటే పావు సెకను. తాడు చప్పుడు అంతకన్నా చాలా ముందే ఎలుగు చెవిన పడుతుంది. బెదిరిన ఎలుగు ఆ పావు సెకనులో ఒంటిని తిప్పేస్తుంది. ఉన్ని గానీ బీవర్ బొచ్చు గానీ సైలెన్సర్లుగా కట్టి, రెస్టు (బాణం ఆనే చోటు) మీద, రైజరు (విల్లు మధ్య పిడి భాగం) అంచు మీద మెత్తటి చర్మం అంటిస్తే సగం సమస్య పోతుంది. మిగతా సగం బరువైన బాణం తీరుస్తుంది.

బాణం బరువుకు సూత్రం తేలిక. విల్లు ఒక్కో పౌండుకు కనీసం 10 గ్రెయిన్లు. 52 పౌండ్ల విల్లుకు 520 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. 600 దాకా పోయినా తప్పులేదు, 15 గజాల్లో వంపు తేడా పెద్దగా తెలియదు. బరువు ముందువైపు ఉండేట్టు చూసుకోండి: 150 నుంచి 200 గ్రెయిన్ల ములికి, వెనక తేలికైన కాడ. కార్బన్ కాడ వానకు వంగదు. దేవదారు కాడలు అందంగానే ఉంటాయి గానీ తడిసిన అడవిలో రోజూ వంకర తీసుకుంటూ కూర్చోవాలి.

ములికి విషయంలో రాజీ వద్దు. రెండంచుల స్థిరమైన ములికే, విచ్చుకునే యంత్రపు ములుకులు మాత్రం వద్దు. అవి విచ్చుకోవడానికే మన బాణం శక్తిలో కొంత ఖర్చయిపోతుంది. ఒకవైపే సాన పట్టిన సింగిల్ బెవెల్ తీసుకుంటే ఈకలు కూడా అదే వైపు తిరగాలి, ఎడమ బెవెలుకు ఎడమ రెక్క ఈకలు. కలవకపోతే గాలిలో ఒకవైపు తిరిగే బాణం కండలో దిగాక రెండోవైపు తిరగబోతుంది, చొచ్చుకుపోయే శక్తి అక్కడ పోతుంది.

సాన ఇలా పట్టండి. ముందు ఆకురాయితో 25 డిగ్రీల కోణం పెట్టండి. అంచు మొత్తం మీద సన్నటి గరుకు మడత వేలికి తగిలేదాకా రాయండి. తర్వాత నున్నటి రాయి మీద ఒత్తిడి తగ్గించుకుంటూ పది, ఐదు, రెండు, ఒకటి చొప్పున రెండు వైపులా. చివరగా పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ ఇరవై సార్లు. పరీక్షకు రబ్బరు బ్యాండు రెండు వేళ్లకు వదులుగా చుట్టి, ములికి అంచును దానికి ఆనించండి. నొక్కకుండానే తెగాలి. నొక్కితే గానీ తెగకపోతే మళ్లీ మొదటికి. ఊపిరితిత్తి మెత్తటి సంచి లాంటిది, మొద్దు అంచును పక్కకు జరిపేస్తుంది. అమ్ములపొది స్పాంజిలో పదేపదే గుచ్చి తీస్తే అంచు పోతుంది కాబట్టి సాధనకు అదే బరువున్న వేరే ములుకులు పెట్టుకుని, వేట బాణాలు ఆరూ ముట్టుకోకుండా ఉంచండి.

ఈకలు తడిస్తే పిల్లి తోకలా అతుక్కుపోయి బాణం తోక ఊపుతుంది. నీటిని ఆపే పొడి రుద్దండి, వాన పడుతుంటే అమ్ములపొది మీద ప్లాస్టిక్ సంచి తొడగండి.

బాణం, విల్లు ఒకదానికొకటి కుదిరాయో లేదో ఈకల్లేని బాణంతో చూడాలి. 15 గజాల నుంచి ఈకలున్నవి మూడు, లేనివి రెండు వేయండి. కుడిచేతివాటం వారికి ఈకల్లేనివి ఎడమకు తగిలితే కాడ గట్టిది, కుడికి తగిలితే మెత్తనిది. గట్టిదైతే ములికి బరువు 25 గ్రెయిన్లు పెంచి చూడండి, మెత్తనిదైతే కాడను పావు అంగుళం చొప్పున కోయండి. అరంగుళం ఒక్కసారే కోసేసినవాళ్లు కొత్త కాడలు కొనుక్కుంటారు.

సాధన: ఒక్క బాణం

క్యాంపుకు రెండు నెలల ముందు నుంచి రోజూ పొద్దున్నే మొదటి బాణం ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. కండలు వేడెక్కక ముందు, చల్లగా ఉన్న చేత్తో వేసే బాణమది. పది రోజులకు పదీ పడాలని చూస్తే అయ్యే పని కాదు గానీ, పది రోజుల్లో తొమ్మిదిసార్లు ఆరంగుళాల పళ్లెంలో పడే దూరం ఏదో అదే మీ హద్దు. అది 11 గజాలే వస్తే 11 గజాలే. గైడుకు ఆ అంకె చెప్పండి, సిగ్గుపడి 20 అనకండి. ఎర దూరం దాన్నిబట్టే సరిచేస్తారు.

మిగతా సాధన మంచె మీద కూర్చున్నట్టే చేయాలి. కుర్చీలో కూర్చుని, లక్ష్యం కాస్త ఎడమకు వచ్చేట్టు (ఎడమచేతివాళ్లయితే కుడికి) మోకాళ్లు తిప్పి, విల్లు వాల్చి లాగండి. మేడ మీద నుంచి గానీ, నిచ్చెన మంచె మీద నుంచి గానీ కిందికి వేయండి. కిందికి వేసేటప్పుడు చేయి దించకండి, నడుము దగ్గర వంగండి. చేయి దించితే భుజాల కోణం చెడి లాగుడు తగ్గుతుంది, బాణం ఎక్కడికో పోతుంది. దోమతెర టోపీ, చేతి తొడుగులు, సేఫ్టీ బెల్టు అన్నీ వేసుకుని చేయండి. తాడు తెరకు తగిలి బాణం పక్కకు పోయిందన్న సంగతి క్యాంపులో తెలియకూడదు.

క్యాంపులో

కాక్రేన్, హర్స్ట్ లాంటి ఊళ్ల చుట్టూ క్యాంపులున్నాయి. టొరంటో నుంచి కాక్రేన్ సుమారు 700 కిలోమీటర్లు. చాలా క్యాంపుల్లో వచ్చిన రోజు సామాను దింపి, విల్లు బిగించి, లక్ష్యం మీద నాలుగు బాణాలు వేసి చూపించాలి. ప్రయాణంలో నాకింగ్ పాయింటు జరిగిందేమో అప్పుడే చూసుకోండి.

వేట మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు మొదలై చీకటి దాకా. మే నెలాఖరుకు అక్కడ రాత్రి తొమ్మిది దాటాకే పొద్దు గుంకుతుంది. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. కానీ మన విల్లుకు ఆ చివరి పది నిమిషాలు పనికిరావు, నల్లటి ఒంటి మీద గురి పెట్టడానికి చోటు కనిపించదు. పెద్ద మగవి వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

ఎర అంటే చెట్టుకు గొలుసుతో కట్టిన 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, పక్కన చిన్న కంత. లోపల ఓట్సు, వాడేసిన వంట నూనె, బేకరీ మిగుళ్లు, పైన ఘాటైన సోంపు తైలం. మొదటి రోజే గైడుతో డ్రమ్ము దాకా నడిచి, ఎలుగు ఎటు నిలబడి తింటుందో చూడండి. కంత మీకు ఎదురుగా ఉంటే ఎలుగు మీకు వీపు చూపిస్తుంది. కంత పక్కకు తిరిగి ఉండాలి, వెనక దుంగలు అడ్డం పేర్చి ఉండాలి, అప్పుడే పక్క చూపుతూ నిలబడుతుంది. ఇది సరిగా లేకపోతే మార్చమని అప్పుడే అడగండి. మర్యాదకు పోయి ఊరుకుంటే వారమంతా వీపు చూస్తూ కూర్చోవాలి.

మంచె ఎక్కడానికి క్రమం ఉంది. నేల మీదే సేఫ్టీ బెల్టు బిగించాలి. తాడుకు విల్లు కట్టి, ములుకులకు మూత ఉందో లేదో చూసి, చేతులు ఖాళీగా ఎక్కాలి. పైకెళ్లగానే బెల్టును చెట్టుకు తగిలించి, ఆ తర్వాతే విల్లు పైకి లాగాలి. ఈ వేటలో ఎలుగు కన్నా మంచె ఎక్కువ ప్రమాదం.

ఇక నుసుము. మే రెండో సగం నుంచి జూన్ దాకా బ్లాక్‌ఫ్లైలు చెవుల వెనక, మణికట్టు దగ్గర రక్తం తాగుతాయి. దురద కన్నా అసలు కష్టం, చేయి అటూ ఇటూ ఆడించకుండా ఉండలేకపోవడం. చెయ్యి కదిలితే ఎలుగు చూస్తుంది. పర్మెత్రిన్ (పురుగుల మందు) పట్టించిన బట్టలు వేసుకోండి, లేత రంగు కాకుండా మట్టి రంగువి. కాలర్ కింద, ప్యాంటు అంచుల్లో టేపు చుట్టండి. థర్మాసెల్ పరికరాన్ని (దోమల్ని తరిమే ఆవిరి వదిలేది) గాలి ఎటు వీస్తే ఆ పక్క కాకుండా, గాలి వచ్చే పక్క పెట్టండి. వదులు చొక్కా చేతిని ఆర్మ్‌గార్డుతో బిగించండి, తాడు దానికే తగులుతుంది. బేర్ స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి.

ఎలుగు వచ్చాక

చప్పుడు లేకుండా వస్తుంది. కొమ్మ విరిగిన శబ్దం కోసం చూస్తే తప్పిపోతారు. నల్లటి మచ్చ ఒకటి ఉన్నట్టుండి పొద మధ్య ఉంటుంది, అంతే.

రాగానే లాగకండి. ముందు పరిమాణం చూడండి. డ్రమ్ము ఎత్తు దాదాపు 35 అంగుళాలు, దానికి రెండు పట్టీలుంటాయి. నాలుగు కాళ్ల మీద నిలబడినప్పుడు వీపు పై పట్టీ దగ్గరే ఉంటే చిన్నది, వదిలేయండి. పై పట్టీకీ డ్రమ్ము అంచుకూ మధ్యలో ఉంటే ఎదిగినది. అంచుకు చేరుతుంటే పెద్దది. చెవులు తల మీద పెద్దగా, దగ్గరదగ్గరగా నిక్కినట్టుంటే పిల్లది. పెద్ద మగదాని చెవులు తల పక్కలకు జరిగి, చిన్నగా కనిపిస్తాయి.

తర్వాత పిల్లల కోసం చూడండి. తల్లి పిల్లల్ని ఏ చెట్టు మీదో ఎక్కించి ఒంటరిగా ఎర దగ్గరికి వస్తుంది. కనీసం పది నిమిషాలు చుట్టూ చెట్లు వెతకండి, గొణుగుడు, కీచుమనే అరుపు వినండి. అది పదేపదే ఒకే వైపు తిరిగి చూస్తుంటే ఆ వైపు ఎవరో ఉన్నట్టే. అనుమానం తీరకపోతే ఆ సాయంత్రం ఆ ఎలుగుకు బాణం లేదు.

గురి ఎక్కడ? పక్కకు నిలబడి, మీ వైపు ముందుకాలు ముందుకు వేసినప్పుడు ఆ కాలి గీతకు నాలుగు వేళ్లు వెనక, కనిపించే ఒంటి ఎత్తులో సగానికి కొంచెం కింద. జింకను కొట్టి అలవాటైనవారు గురిని ఇంకా కిందికి, కాలికి ఇంకా దగ్గరికి పెడతారు. అది పొరపాటు. ఎలుగు రొమ్ము కింద మూడు నాలుగు అంగుళాలు వట్టి బొచ్చే, బాణం దానిలోంచి పోయి నాలుగు వెంట్రుకలు రాలుతాయి. కాలికి దగ్గర పెడితే భుజం ఎముక అడ్డొస్తుంది, 52 పౌండ్ల విల్లు దాన్ని దాటదు. కొద్దిగా వెనక్కి తిరిగి ఉంటే అవతలి ముందుకాలి వైపు బయటికొచ్చేట్టు వేయండి.

ఎదురుగా ఉన్నది, మీ వైపు కొద్దిగా తిరిగినది, కూర్చున్నది, పడుకుని తింటున్నది, ఇవి నాలుగూ వద్దు. ఎలుగు ఎర దగ్గర అరగంట ఉంటుంది, నిలబడుతుంది. తల డ్రమ్ములో పెట్టినప్పుడు లాగండి. మీ వైపు చూస్తున్నప్పుడు లాగారంటే సగం లాగుడులోనే అది వెళ్లిపోతుంది. మొత్తం నల్లటి ఒంటిని చూడకండి. ఒక వెంట్రుకల కుచ్చును, ఒక ముడతను ఎంచుకుని దాన్నే చూడండి.

చిన్నవి ఒక్కోసారి మంచె చెట్టు ఎక్కబోతాయి. లేచి నిలబడి గట్టిగా మాట్లాడండి, దిగిపోతాయి.

బాణం వదిలాక

కదలకండి. గడియారం చూడండి. ఎలుగు చివరిగా కనిపించిన చోట ఒక చెట్టును గుర్తు పెట్టుకోండి. రెండు ఊపిరితిత్తులూ తెగితే చాలాసార్లు 100 గజాల లోపే పడిపోతుంది, ఒక్కోసారి సాగదీసిన మూలుగు వినిపిస్తుంది. వినిపించకపోయినా ఆందోళన పడకండి. గైడు వచ్చేదాకా, కనీసం అరగంట, మంచె దిగకండి.

బాణం దొరికితే దాన్ని చదవాలి. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తి. ముదురు ఎరుపు అయితే కాలేయం, నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మరక, పేడ వాసన ఉంటే పేగు. రాత్రంతా వదిలేసి తెల్లారి వెతకాలి, ఎండ కాసే వారమైతే మాంసం మీద ఆశ తగ్గించుకోవాలి. ఎలుగు రక్తం జింక రక్తంలా నేల మీద ధారగా పడదు. కొవ్వు గాయాన్ని మూసేస్తుంది, బొచ్చు మిగతాది తాగేస్తుంది. నేల కాక మోకాలి ఎత్తులో ఆకుల అంచులు, చెట్ల బెరడు చూడండి. రెండు గాయాలుండాలని, రెండోది కింద ఉండాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. చీకట్లో ఒంటరిగా వెతకడానికి పోవద్దు.

తోలు, మాంసం

దొరకగానే ట్యాగు కట్టండి. తినదగ్గ మాంసాన్ని పాడుచేయడం నేరం. చేదుకట్టును ఒంట్లోంచి వేరు చేసి దగ్గర పెట్టుకోవడమూ నేరమే, కొంటానని ఎవరు అడిగినా దూరంగా ఉండండి.

మే నెల మధ్యాహ్నం 20 డిగ్రీలు దాటిందంటే సమయం లేదు. ఆ దట్టమైన కొవ్వు, బొచ్చు కింద వేడి గంటలకొద్దీ దిగదు. కడుపు దగ్గర, చెవుల దగ్గర వెంట్రుకలు ముందు ఊడతాయి. రెండు మూడు గంటల్లో తోలు తీసి, కొవ్వు పూర్తిగా గీకి, మాంసాన్ని గుడ్డ సంచుల్లో వేసి చల్లటి గదిలో వేలాడదీయాలి. తోలును ఫ్రీజరులో పెట్టేట్టయితే ఉప్పు వేయకండి, ఉప్పు పట్టిన తోలు సరిగా గడ్డకట్టదు. ఉప్పు వేసేట్టయితే పాదాలు, పెదవులు, చెవులు విప్పదీసి, తోలు బరువుకు సమానంగా అయోడిన్ లేని సన్న ఉప్పు రుద్దండి.

బ్లాక్ బేర్ సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. అమెరికాకు తీసుకెళ్లేవారు ఒంటారియో ఎగుమతి పర్మిటు, సరిహద్దులో చూపాల్సిన డిక్లరేషను గురించి క్యాంపులోనే కనుక్కోండి. తోలు, గోళ్లు బ్యాగులో వేసుకుని హైదరాబాదులో దిగుదామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

వంట విషయంలో ఒకే ఒక్క పట్టుదల ఉండాలి. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు, ఉత్తరాదిలో ఉండే రకాలు ఫ్రీజరులో కూడా చావవు. 2022లో సాస్కచ్వాన్‌లో కొట్టిన ఎలుగు మాంసాన్ని 45 రోజులు గడ్డకట్టించి, దక్షిణ డకోటాలో బంధువులంతా కలిసి కబాబులు కాల్చుకున్నారు. ముక్కలు నల్లగా ఉండటంతో ఉడికిందో లేదో తెలియలేదు. ఆరుగురికి జబ్బు చేసింది. వారిలో ఇద్దరు మాంసం ముట్టనివాళ్లు, దానితో కలిపి వండిన కూరగాయలే తిన్నారు. లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి, థర్మామీటరుతో చూడాలి. కబాబు, వేపుడు పక్కన పెట్టి కుక్కరు తీయండి. కొవ్వంతా తీసేసి అంగుళం ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, మొదటి కూత వచ్చాక సన్న మంట మీద అరగంట ఉంచాలి. ఆ తర్వాతే మూత తీసి తాలింపులో వేయించుకోండి. పచ్చి మాంసం కోసిన చాకునూ పలకనూ సలాడ్ ముక్కలకు వాడకండి.